అడవి టెపరీ బీన్ హెర్బేరియం రికార్డులు: చైనాలో పడ్డ చుక్కల కంటే అరిజోనాలో పడ్డవాటినే ఎక్కువ అనుమానించండి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీరు గుంటూరులో ఎమ్మెస్సీ బాటనీ. ప్రాజెక్టుకి అడవి టెపరీ బీన్ తీసుకున్నారు, అంటే ఫేసియోలస్ అక్యూటిఫోలియస్, అమెరికా నైరుతి మూల, మెక్సికో ఎడారి గడ్డిభూముల్లో పెరిగే తీగ. జీబిఫ్ (ప్రపంచంలో ఏ జీవి ఎక్కడ దొరికిందో రికార్డులు ఒకచోట చేర్చి ఉచితంగా ఇచ్చే వెబ్‌సైట్) నుంచి రికార్డులు దించుకుని మ్యాప్ వేస్తే కొన్ని చుక్కలు చైనాలో, ఒకటో రెండో ఆఫ్రికా పక్కన సముద్రంలో పడ్డాయి. అవి తీసేసి మిగతావాటితో మోడల్ (మొక్క దొరికిన చోట్ల వాతావరణం చూసి ఇంకెక్కడ పెరగొచ్చో అంచనా వేసే ప్రోగ్రాం) నడిపి, పల్నాడులో ఈ మొక్క బతుకుతుందో లేదో చెప్పొచ్చా అన్నది మొదటి ప్రశ్న. విత్తనాలు ఎలా తెప్పించుకోవాలన్నది రెండోది.

నేను విజయవాడలో ఓ కాలేజీ బాటనీ డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లు హెర్బేరియం, అంటే ఎండబెట్టి అట్టలకి అంటించిన మొక్కల భాండారం, చూసుకున్నాను, ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఇలాంటి డేటా కెలుకుతుంటాను. నా మాట ఏమిటంటే, సముద్రంలో పడ్డ చుక్క మంచిది. తప్పని చూడగానే తెలిసిపోతుంది కాబట్టి మనల్ని మోసం చేయదు. చూడ్డానికి సరిగ్గా అరిజోనాలోనే పడి, నిజానికి ఇరవై కిలోమీటర్లు పక్కకి జరిగిన చుక్క ఉంది చూశారా, మోడల్‌ని చెడగొట్టేది అది.

చైనా సంగతి తేల్చేద్దాం. అరిజోనాలో టూసాన్ అనే ఊరి చుట్టుపక్కల అక్షాంశం 32 ఉత్తరం, రేఖాంశం 110, 111 పశ్చిమం. పశ్చిమం అంటే ఎక్సెల్ షీటులో మైనస్ గుర్తు. ఎవరో ఎక్కించేటప్పుడు ఆ మైనస్ ఎగిరిపోతే 32 ఉత్తరం, 110 తూర్పు అవుతుంది, అది మధ్య చైనా. ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో పడ్డది సున్నా, సున్నా. ఖాళీగా ఉండాల్సిన గడిలో సాఫ్ట్‌వేర్ సున్నాలు నింపింది. ఇవి రెండూ వేరు వేరు జబ్బులు కాబట్టి రెండింటికీ డిలీట్ ఒక్కటే మందు కాదు. మొదటిదానికి లేబుల్ మీద అరిజోనా అని ఉంటే మైనస్ తిరిగి పెట్టండి, రికార్డు బతుకుతుంది. రెండోదానికి లేబుల్ చదివి చోటు మళ్లీ వెతకాలి. మన డేటాలో ఇంకో రకం వస్తుంటుంది, అక్షాంశం గడిలో రేఖాంశం, రేఖాంశం గడిలో అక్షాంశం. గుంటూరు 16.3, 80.4ని తిరగేస్తే చుక్క వెళ్లి ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ దగ్గర పడుతుంది. ప్రపంచ విత్తన నిల్వ ఉన్నది అక్కడే, మన మినుములు దానంతట అవే నడుచుకుంటూ వెళ్లినట్టు!

ఇక అసలు విషయం. హెర్బేరియం షీటు అంటే ఒక మనిషి ఒక రోజు ఒక చోట నిలబడి కోసిన మొక్క. గట్టి సాక్ష్యం అంతవరకే. మీ ఎక్సెల్‌లో ఉన్న జాతి పేరు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, తేదీ ఫార్మాట్, ఇవన్నీ తర్వాత ఎవరో ఒకరు చేర్చినవి, కొన్ని వందేళ్ల తర్వాత చేర్చినవి. 1880ల నాటి రికార్డుకి దశాంశం తర్వాత ఐదంకెలు కనిపిస్తే అది జీపీఎస్ కాదని మీకూ తెలుసు. లేబుల్ మీద రెండు మాటలు చదివి ఓ విద్యార్థి మ్యాప్ మీద వేలు పెట్టిన చోటు అది. అందుకే ముందు షీటు ఫోటో తెరవండి. అరిజోనా, న్యూ మెక్సికో హెర్బేరియంల షీట్లు చాలావరకు ఫోటోలు తీసి సైనెట్ పోర్టల్‌లో పెట్టారు, ఉచితంగానే చూడొచ్చు. అన్నీ చూడటం కుదరదు అంటారా, సరే, మ్యాప్ అంచుల్లో పడ్డవి, ఎత్తులో తేడాగా ఉన్నవి, 1950కి ముందువి, ఇవి మాత్రం తప్పనిసరిగా చూడండి. మోడల్ అంతా అంచుల మీదే ఆధారపడుతుంది, మధ్యలో గుంపుగా ఉన్న వాటిలో నాలుగు పోయినా ఏం కాదు.

పేరు దగ్గర మొదలుపెడదాం. ఈ జాతిని అమెరికా బాటనిస్టు ఆసా గ్రే 1852లో వర్ణించాడు, చార్లెస్ రైట్ అనే ఆయన సేకరించిన మొక్కల ఆధారంగా. (మన మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద పనిచేసిన రాబర్ట్ వైట్ వేరే మనిషి, కలపకండి, కలిపిన థీసిస్ చూశాను.) మరుసటి ఏడే గ్రే సన్నాకుల మొక్కకి టెన్యుయిఫోలియస్ అని ఒక రకం పేరు పెట్టాడు, తర్వాత ఊటన్, స్టాండ్లీ అనే బాటనిస్టులు దాన్నే విడి జాతిగా లెక్కేశారు. కాబట్టి ఫేసియోలస్ టెన్యుయిఫోలియస్ పేరుతో పాత షీట్లు కనిపిస్తే అవీ మీవే. సెర్చ్‌లో ఒక్క పేరే కొట్టి ఉంటే అవి మీకు వచ్చి ఉండకపోవచ్చు. మన దగ్గర పిల్లిపెసర ఇప్పుడు విగ్నా ట్రైలోబేటా, పాత షీట్ల మీద మాత్రం ఫేసియోలస్ ట్రైలోబస్. మినుము, పెసర కూడా ఒకప్పుడు ఫేసియోలస్‌లోనే ఉండేవి. పేరు మారితే అట్ట మీద కొత్త చీటీ అంటిస్తారు గానీ, డేటాబేస్‌లో ఆ చీటీ ఎక్కిందో లేదో ఎవరూ హామీ ఇవ్వరు. ఒకే మొక్క డూప్లికేట్లు మూడు ఊళ్లలో ఉంటే ఒక ఊళ్లో నిపుణుడు చూసి పేరు సరిచేస్తాడు, మిగతా రెండు ఊళ్లలో పాత పేరే నడుస్తుంటుంది.

పొరపాటు గుర్తింపుల్లో రెండింటితో జాగ్రత్త. ఒకటి ఫేసియోలస్ అంగుస్టిసిమస్. దీనికీ సన్నాకులే, అదే అరిజోనా, న్యూ మెక్సికో. కానీ అది బహువార్షికం, భూమిలో గట్టి వేరు ఉంటుంది, కాయ పొట్టిది. టెపరీ ఏకవార్షికం, కాయ దానికంటే పొడుగు. చిక్కు ఎక్కడంటే సేకరించేవాళ్లు తీగని పొదలోంచి లాగి ఓ మూర తుంచుకుని పోతారు, వేరు తవ్వరు, పైగా కాయ రాకముందే వెళ్లి ఉంటే షీటు మీద ఆకు, పువ్వు తప్ప ఏమీ ఉండదు. రెండోది ఫేసియోలస్ ఫిలిఫార్మిస్, దీని చిన్నాకుల అంచులు లోపలికి నొక్కినట్టు తమ్మెలుగా ఉంటాయి, ఫోటో పెద్దది చేసి చూస్తే సులభంగానే తెలుస్తుంది. కాయ లేని సన్నాకు షీటు, ఏ నిపుణుడి చీటీ లేనిది మీ మ్యాప్ అంచున ఒంటరిగా ఉంటే నేనైతే దాన్ని పక్కన పెడతాను.

అడవిదా, పొలందా అన్నది ఇంకో పేచీ. టెపరీని టోహోనో ఓఓదమ్ లాంటి అక్కడి మూలవాసులు ఎన్నో తరాలుగా సాగు చేస్తున్నారు. 1912లో ఫ్రీమన్ అనే ఆయన అరిజోనా వ్యవసాయ కేంద్రం తరఫున దీని మీద బులెటిన్ రాశాడు, సాగు రకానికి లాటిఫోలియస్ అని పేరు పెట్టింది ఆయనే. పొలంలో కోసిన మొక్క, సంతలో కొన్న గింజ, ప్రయోగశాల మడిలో పెంచింది, ఇవన్నీ కూడా ప్రిజర్వ్‌డ్ స్పెసిమెన్ (దాచిన నమూనా) అనే పేరు కిందే వస్తాయి. సాగుదా కాదా అని చెప్పే గడి చాలాసార్లు ఖాళీ. లేబుల్‌లో తోట, పొలం, బజారు, విశ్వవిద్యాలయం ఫామ్ అనే మాటలు వెతికి తీసేయండి. షీటు మూలన చిన్న కాగితం పొట్లం ఉంటుంది, రాలిన గింజలు అందులో వేస్తారు. దాని ఫోటో ఉంటే మీ అదృష్టం, అడవి గింజ చిన్నది, మచ్చలు మచ్చలుగా ఉంటుంది, సాగు గింజ పెద్దది, ఎక్కువగా తెల్లగానో గోధుమరంగులోనో ఒకే రంగులో కనిపిస్తుంది.

అన్నట్టు, హ్యూమన్ అబ్జర్వేషన్ అని ఉన్నవి హెర్బేరియం రికార్డులు కావు. ఎక్కువగా ఫోన్‌తో తీసి యాప్‌లో పెట్టిన ఫోటోలు. పనికిరావని కాదు గానీ, వాటిలో కొన్నింటికి చోటుని కావాలనే దాచి, అక్కడికి చాలా కిలోమీటర్ల దూరంలో ఓ చుక్క వేస్తారు. మీ టైటిల్‌లో హెర్బేరియం అని ఉంది కాబట్టి వాటిని వేరే ఫైల్‌లో పెట్టుకోండి.

డూప్లికేట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఒక సేకరణ, ఐదు షీట్లు, ఐదు హెర్బేరియంలు, మీ ఎక్సెల్‌లో ఐదు వరసలు. సేకర్త పేరు, సేకరణ సంఖ్య, తేదీ మూడూ కలిస్తే ఒకటిగా లెక్కపెట్టండి. పేరు స్పెల్లింగ్ ప్రతిచోటా మారుతుంది (ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, మధ్యలో చుక్క) కాబట్టి కంప్యూటర్ని నమ్మకుండా సంఖ్య, తేదీ వరసలో పేర్చి కంటితో చూడండి. చార్లెస్ రైట్ షీట్లకి మాత్రం ఇది పనిచేయదు. ఆయన మొక్క కోసేటప్పుడు వేసుకున్న సంఖ్యలు వేరు, గ్రే షీట్లు పంచిపెట్టేటప్పుడు వేసిన సంఖ్యలు వేరు. ఒకే పంపిణీ సంఖ్య కింద రెండు మూడు చోట్ల కోసిన మొక్కలు కలిసి ఉండొచ్చు. రైట్ రికార్డుకి కచ్చితమైన చుక్క వేసి కనిపిస్తే దాన్ని మోడల్‌లో పెట్టకండి, చరిత్ర రాసే అధ్యాయంలో వాడుకోండి.

చోటు దగ్గర ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మీ ఫలితం మొత్తం దీని మీదే నిలబడుతుంది. రైట్ 1849లో సైనిక బండ్ల వెంట శాన్ ఆంటోనియో నుంచి ఎల్ పాసో దాకా నడిచాడు, 1851, 52ల్లో అమెరికా, మెక్సికో సరిహద్దు సర్వే వాళ్లతో తిరిగాడు. అప్పటికి గీలా నదికి దక్షిణాన ఉన్న ఇప్పటి అరిజోనా మెక్సికోలోది, సొనోరా. దాన్ని అమెరికా కొన్న ఒప్పందం మీద సంతకాలు 1853 డిసెంబర్‌లో పడ్డాయి. అరిజోనా విడి టెరిటరీ అయింది 1863లో, రాష్ట్రం అయింది 1912లో. అంటే ఆ కాలం షీటు మీద సొనోరా అనో న్యూ మెక్సికో అనో ఉంటే అది ఇప్పటి అరిజోనాలో ఎక్కడో కావచ్చు. డేటా ఎక్కించిన వాళ్లు ఇప్పటి న్యూ మెక్సికో నడిబొడ్డున చుక్క పెట్టి వదిలేస్తే ఏమవుతుందో చూడండి.

మనకి ఇది కొత్తేం కాదు. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, అంతకుముందు షీట్ల మీద కిస్ట్నా (అప్పటి కృష్ణా జిల్లా) అని ఉంటే అది కృష్ణకి ఇవతలా కావచ్చు, అవతలా కావచ్చు. 1970లో ఒంగోలు వైపు ప్రకాశం జిల్లాకి పోయింది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల విడిపోయాయి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. 1960లో గుంటూరు జిల్లా అని రాసిన ఓ షీటుని ఈ రోజు ఎవరైనా కొత్త గుంటూరు జిల్లా మధ్యలో పెడితే మాచర్ల రాళ్ల మీద కోసిన మొక్క తెనాలి మాగాణిలో మొలుస్తుంది.

అమెరికా లేబుళ్లలో ఇంకో పద్ధతి కనిపిస్తుంది మీకు, టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ అని. ఒక టౌన్‌షిప్ ఆరు మైళ్లు పొడవు, ఆరు మైళ్లు వెడల్పు, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ చదరపు మైలు. సెక్షన్ దాకా రాసి ఉంటే బంగారం. టౌన్‌షిప్ మాత్రమే ఉంటే చుక్కని దాని మధ్యలో పెట్టి ఉంటారు, అంటే అటూ ఇటూ ఐదు కిలోమీటర్ల దాకా తేడా. మన దగ్గర ఐదు కిలోమీటర్లంటే ఏముందిలే, గుంటూరు నుంచి తెనాలి దాకా వెళ్లినా ఉష్ణోగ్రత మారదు కదా అనిపిస్తుంది. అక్కడ అలా కుదరదు. టూసాన్ ఊరు దాదాపు 2,400 అడుగుల ఎత్తులో ఉంటే, దాని వెనకే ఉన్న శాంటా కాటలీనా కొండల్లో మౌంట్ లెమ్మన్ 9,157 అడుగులు. ఎత్తు కిలోమీటరు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని మీరు చదివే ఉంటారు, లెక్కేసుకోండి, కింద నుంచి పైకి దాదాపు 13 డిగ్రీల తేడా. మీరు వాడే వాతావరణ డేటా గడి ఒక కిలోమీటరుది. చుక్క నాలుగు కిలోమీటర్లు జరిగితే ఎడారి గడ్డిభూమి మొక్క పైన్ అడవిలోకి ఎక్కేస్తుంది, కంప్యూటర్ మాత్రం ఈ మొక్క చలినీ తట్టుకుంటుందని రాసిపెట్టుకుంటుంది.

దీనికి నేను చేసే పరీక్ష సులభం. లేబుల్ మీద రాసిన ఎత్తు తీసుకోండి, పాతవి అడుగుల్లో ఉంటాయి, మీటర్లలోకి మార్చండి. చుక్క పడ్డ చోట ఎత్తుల మ్యాప్‌లో ఎంత ఉందో చూడండి. రెండింటి మధ్య రెండు మూడొందల మీటర్లు దాటి తేడా ఉంటే చుక్క తప్పు, లేదా అడుగుల్ని మీటర్లుగా ఎక్కించారు. టూసాన్ అని ఒక్క మాటే రాసిన పాత షీట్లని ఈ పరీక్ష దొరకబుచ్చుకుంటుంది. ఎక్కువమంది ఆ ఊళ్లో రైలు దిగి కొండల్లోకి పోయినవాళ్లే, చుక్క మాత్రం ఊరి మధ్యలో ఉంటుంది. ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గడి ఒకటి ఉంటుంది మీటర్లలో. ఖాళీగా ఉంటే తేడా లేదని కాదు, ఎవరూ అంచనా వేయలేదని.

తేదీల్లో మనవాళ్లు ప్రత్యేకంగా పడే గొయ్యి ఉంది. 8/9/1937 అంటే మనకి సెప్టెంబర్ 8, వాళ్లకి ఆగస్టు 9. టెపరీ అక్కడ జూలై వానలకి మొలిచి ఆగస్టు నుంచి పూతా కాతా పడుతుంది, నెల తిరగేస్తే పూత కాలం మొత్తం జారిపోతుంది. రోజు 12 దాటని తేదీలన్నీ ఫోటోలో చూసుకోండి. నెల రోమన్ అంకెల్లో రాసి ఉంటే ఏ గొడవా లేదు.

ఇప్పుడు పల్నాడు ప్రశ్న. దీనికి జవాబు లేబుల్‌లో చివరి రెండు లైన్లలో ఉంటుంది, డేటా సైన్స్ వాళ్లు అసలు చదవని గడి, ఆవాసం. అడవి టెపరీ షీట్ల మీద ఇసుక వాగు ఒడ్డు, బండల మధ్య, పొదల మీద పాకింది అనే మాటలు పదే పదే కనిపిస్తాయి. టూసాన్‌లో ఏడాదికి పడేది సుమారు 300 మిల్లీమీటర్లు. మోడల్ అది చూసి ఈ మొక్కకి 300 చాలు అంటుంది. కానీ వాగు ఒడ్డున ఉన్న మొక్క తాగేది తన నెత్తిన పడ్డ వాన ఒక్కటే కాదు, పైనున్న కొండ వాలు మీద పడి కిందికి చేరిన నీళ్లన్నీ తాగుతుంది. పైగా అది కరువుని భరించడం కంటే వాన పడగానే మొలిచి, తొందరగా కాసి తప్పించుకోవడంలో దిట్ట. మన పల్నాడు ఎండు నేల అనుకుంటాం గానీ అక్కడ పడే వాన టూసాన్‌కి రెట్టింపు పైమాటే, నల్లరేగడి నీళ్లు పట్టుకుని వదలదు, ఆ మొక్క అలవాటు పడ్డదేమో ఇసుక, రాళ్ల నేల. రోజు నిడివి కూడా వేరు, అక్కడ అక్షాంశం 32 డిగ్రీలు, ఇక్కడ 16. వాన వచ్చే నెలలు కలుస్తున్నాయి కదా అని మీ గైడ్ గారు అన్నారట, నిజమే, కలుస్తాయి, కానీ అది ఒక్కటే కలుస్తుంది. కాబట్టి మీ రిపోర్టులో పల్నాడులో బతుకుతుంది, బతకదు అని తేల్చకండి. హెర్బేరియం రికార్డులు ఆ మాట చెప్పలేవు. ఏ ఎత్తులో, ఏ నేలలో, ఏ నెలలో, వేటి పక్కన దొరికిందో చెప్పగలవు, అంతవరకు గట్టిగా రాస్తే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి చాలా ఎక్కువ.

వేటి పక్కన అన్నది వదలకండి. పాత షీట్ల మీద పక్క మొక్కలుగా గ్రామా గడ్డి, వెల్వెట్ మెస్కీట్ ఉంటాయి. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మ ప్రజాతే, మన చెరువు గట్లన్నీ ఆక్రమించింది దాని దగ్గరి చుట్టం. కొత్త షీట్ల మీద ఎరాగ్రాస్టిస్ లెమానియానా రావడం చూస్తారు. అది దక్షిణాఫ్రికా గడ్డి, 1930లలో నేల కోత ఆపడానికని అరిజోనాకి తెచ్చి చల్లారు, ఇప్పుడు అదే అక్కడి గడ్డిభూమిని కమ్మేసింది. ఆ పేర్లని దశాబ్దాల వారీగా పేర్చి చూడండి, మీ చుక్కల మ్యాప్ కంటే ఆసక్తిగా ఉంటుంది, ఎవరైనా అడిగితే జవాబు కూడా ఉంటుంది.

చుక్క లేని చోట మొక్క లేదని మాత్రం రాయొద్దు. సేకరణలన్నీ రోడ్ల వెంట, యూనివర్సిటీ ఊళ్ల చుట్టూ గుంపులుగా ఉంటాయి. చాలామంది వసంతంలో పూల కోసం వెళ్తారు, అప్పటికి టెపరీ విత్తనంగా నేలలో ఉంటుంది. మన దగ్గర వెంపలి ప్రతి బంజరులోనూ ఉంటుంది, కానీ ఎంతమంది దాన్ని కోసి షీటు చేశారు? ఒక ఆదివారం కొండవీడు వైపు వెళ్లి మీరే ఒక వెంపలి షీటు చేయండి. లేబుల్‌లో జీపీఎస్ రాయకుండా మాటల్లోనే చోటు రాసి, దాన్ని మీ ఫ్రెండుకి ఇచ్చి మ్యాప్ మీద చుక్క పెట్టమనండి. అసలు చోటుకి, ఆ చుక్కకి మధ్య దూరం కొలిస్తే నేను పైన రాసిందంతా ఒక్క పూటలో అర్థమవుతుంది.

విత్తనాల గురించి. షీటు పొట్లంలో గింజలు పంపమని హెర్బేరియంకి మెయిల్ రాయకండి, అవి నమూనాలో భాగం, ఇవ్వరు, ఇచ్చినా దశాబ్దాల నాటివి, మొలకెత్తుతాయని ఆశ పెట్టుకోలేం. బతికున్న విత్తనాలు జన్యు బ్యాంకుల్లో ఉంటాయి, ఫేసియోలస్‌కి అమెరికాలో పుల్‌మన్ అనే ఊళ్లోని ప్రభుత్వ కేంద్రం, కొలంబియాలో సియాట్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ. పరిశోధన కోసం మన దేశానికి తెప్పించాలంటే ఢిల్లీలోని ఎన్‌బీపీజీఆర్ (జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ) నుంచి దిగుమతి అనుమతి, వాళ్ల క్వారంటైన్ పరీక్ష రెండూ తప్పనిసరి. చిక్కుడు జాతుల్లో విత్తనంతో వచ్చే వైరస్‌లు, బ్యాక్టీరియా తెగుళ్లు ఉన్నాయి, మినుము పండే జిల్లాలో కూర్చుని ఎవరో బంధువు సూట్‌కేసులో తెచ్చిన గింజలు కుండీలో వేసే పని దయచేసి చేయకండి. విద్యార్థిగా సొంతంగా కాకుండా మీ డిపార్ట్‌మెంట్ ద్వారా, వీలైతే గుంటూరు దగ్గర లాం ఫారంలో (వ్యవసాయ పరిశోధన కేంద్రం) అపరాల మీద పనిచేసే శాస్త్రవేత్తలతో మాట్లాడి అప్లై చేయండి. చాలా టైం పట్టొచ్చు, మీ ప్రాజెక్టు గడువులోపు వస్తాయని పెట్టుకోకండి.

జీబిఫ్ డౌన్‌లోడ్‌కి ఒక డీఓఐ నంబర్ (ఆ ఫైల్‌కి మారని గుర్తింపు సంఖ్య) ఇస్తుంది, మీ మెయిల్‌కి వచ్చి ఉంటుంది, అది రిపోర్టులో వేయండి. తీసేసిన ప్రతి వరసకీ పక్కన ఎందుకు తీశారో ఒక మాట రాసిన ఫైల్ విడిగా ఉంచుకోండి. అనుమానంగా ఉన్న షీట్ల లింకులు ఇక్కడ పెడితే తీరిగ్గా చూస్తాను, లేబుల్ చేతిరాత అర్థం కానివైనా సరే.